బల్బు చుట్టూ హరివిల్లు

సాయంత్రం చీకటి పడుతోందంటే మియెన్‌కి ఒళ్ళు మండటం మొదలవుతుంది. కారణం ఒక్కటే. ఆ వేళకే దలాత్ ఊరి కొండవాలులో ఉన్న చామంతి తోటలన్నింటిలోనూ బల్బులు వెలుగుతాయి. ఆ బల్బులు చూసి ఆమె మొగుడు లోక్ చేస్తున్న పని కాస్తా వదిలేసి నిలబడిపోతాడు.

"ఇటు రా ఒకసారి. ఒక్కో బల్బుకీ ఒక్కో హరివిల్లు. లోపలంతా నీలం, బయటికొచ్చేసరికి ఎరుపు. గుండ్రంగా, గీసినట్టు ఉంది."

"చూశాను."

"ఎక్కడ చూశావ్? అటు తిరిగి కాడలు కట్టుకుంటున్నావ్."

"నిన్నా ఇదే చెప్పావు, మొన్నా ఇదే చెప్పావు. నిన్న వచ్చి చూశాను కదా. బల్బు బల్బులాగే ఉంది. నాకు కనపడనిది నీ ఒక్కడికే కనపడుతుంటే అనుమానం రావట్లేదా నీకు?"

"అందరికీ అన్నీ కనపడవే," అన్నాడు లోక్ గర్వంగా.

చామంతికి రాత్రి పొడుగైతే తొందరపడి మొగ్గ తొడిగేస్తుంది. కాడ ఎదగాలంటే మొక్కని ఇంకా పగలే అని నమ్మించాలి. అందుకని ప్లాస్టిక్ కప్పు వేసిన పాలీహౌసుల్లో చీకటి పడ్డాక కూడా కొన్ని గంటలు దీపాలు వెలిగిస్తారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ దీపాల కిందే పనిచేస్తోంది మియెన్. ఇన్నేళ్ళూ దీపం వైపు కన్నెత్తి చూడని మనిషికి ఇప్పుడు కొత్తగా ఈ మురిపెం ఏమిటో ఆమెకి అర్థం కాలేదు. పోనీ మురిపెమే అయితే ఊరుకునేది. రంగులు కనపడిన సాయంత్రాల్లో అతనికి కుడి కనుబొమ్మ మీద నొప్పి వచ్చేది. నుదురు పట్టుకుని, తిండి మీద ధ్యాస లేక, పెందలాడే పడుకునేవాడు. తెల్లారేసరికి నొప్పీ ఉండేది కాదు, రంగులూ ఉండేవి కావు.

"ఆస్పత్రికి వెళ్దాం పద," అంది మియెన్.

"ఎందుకు? హరివిల్లు కనపడుతోందని చెప్పడానికా? నవ్వుతారు."

"తలనొప్పి అని చెప్దాం."

"తలనొప్పి నీ వల్ల వస్తోంది. దానికి మందు ఆస్పత్రిలో ఉండదు."

చివరికి ఆమె పోరు పడలేక బజారుకి వెళ్ళొచ్చాడు. ఆస్పత్రికి కాదు, కళ్ళజోళ్ళ కొట్టుకి. కొట్టువాడు అక్షరాలు చదివించి, నంబరు మారిందని తేల్చి, కొత్త అద్దాలు తగిలించాడు. లోక్ వాటిని పెట్టుకుని నేరుగా పాలీహౌసులోకి నడిచాడు. ఒక నిమిషం గడిచాక లోపల్నించి సంతోషంగా కేకేశాడు.

"మియెన్, ఇప్పుడు ఇంకా స్పష్టంగా కనపడుతున్నాయే."

మియెన్ చేతిలో ఉన్న కత్తెర బల్ల మీద పడేసి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

పక్క తోట తామ్ వచ్చి సంగతి మరింత చెడగొట్టాడు. తామ్, లోక్ చిన్నప్పట్నుంచీ స్నేహితులు. ఒకడు ఏమంటే రెండోవాడు దానికి తల ఊపడం వాళ్ళకి అలవాటు. ఆ రోజు లోయలోంచి మంచు బాగా పైకి పాకింది. తామ్ వాకిట్లో నిలబడి వీధిదీపం వైపు చూసి, "నిజమేరా లోక్, నాకూ కనపడుతోంది. ఎర్రగా, చుట్టూ చక్రంలా," అన్నాడు.

"విన్నావా?" అన్నాడు లోక్ పెళ్ళాం వైపు తిరిగి.

మియెన్ కూడా చూసింది. మంచులో దీపం చుట్టూ పల్చగా ఒక చక్రం ఉన్నమాట నిజమే. ఆమెకీ కనపడింది. "ఇది మంచు వల్ల, తామ్ అన్నయ్యా. ఈయనకి మంచు లేనప్పుడు కూడా కనపడుతోంది. పాలీహౌసు లోపల పొడిగా, వెచ్చగా ఉంటే కూడా."

"లోపలికి కొంచెం దూరుతుందిలే మంచు," అన్నాడు తామ్.

"మరి నాకెందుకు కనపడదు లోపల?"

"నీకు పని ధ్యాస ఎక్కువమ్మా," అన్నాడు తామ్ ఎంతో మర్యాదగా.

వాళ్ళని పాలీహౌసులోకి తీసుకెళ్ళి, అక్కడి బల్బుని ఫోనుతో ఫొటో తీసింది మియెన్. ఫొటోలో బల్బు ఒక్కటే వచ్చింది, చక్రం రాలేదు. "చూడు, ఫోనుకి కూడా కనపడలేదు," అంది. ఇద్దరు మగాళ్ళూ ఆ ఫోను వైపు జాలిగా చూశారు. పాత ఫోను, దానికేం తెలుస్తుంది అన్నారు.

ఇక గతిలేక ఆడపడుచుకి కబురు పెట్టింది. లోక్ అక్క దావ్, బళ్ళో సైన్సు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. మొగుడు పోయాక ఊళ్ళోనే చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. తమ్ముడు భయపడేది ఆవిడ ఒక్కదానికే. ఆవిడ చెబితే వింటాడని మియెన్ ఆశ. కాకపోతే దావ్‌తో ఉన్న చిక్కు ఏమిటంటే, ఆవిడ మాట మొదలుపెడితే పాఠం అవుతుంది.

"హరివిల్లా?" అంది దావ్ కుర్చీలో కూర్చోకముందే. ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఒక గ్లాసు నీళ్ళూ, కాసిని సోయాపాలూ, ఒక టార్చిలైటూ పట్రా మియెన్."

"వదినా, ముందు ఈయన తలనొప్పి సంగతి..."

"పట్రా చెప్తాను."

తెచ్చింది. దావ్ నీళ్ళలో రెండు చుక్కల పాలు వేసి కలిపి, గ్లాసు పక్కనించి టార్చి వేసింది. "ఒరేయ్ తమ్ముడూ, ఇటు పక్కనించి చూడు. నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?"

"నీలంగా ఉన్నట్టున్నాయి."

"ఇప్పుడు అటెళ్ళి టార్చికి ఎదురుగా నిలబడు."

"నారింజ రంగు." లోక్ ఆశ్చర్యపోయాడు. "అదేంటక్కా, ఒకటే గ్లాసు కదా?"

"ఒకటే గ్లాసు, ఒకటే వెలుగు. తెల్లటి వెలుగులో అన్ని రంగులూ కలిసే ఉంటాయిరా. దారిలో సన్నటి నలుసులు తగిలాయనుకో, నీలం వెంటనే చెల్లాచెదురై పక్కలకి పోతుంది. ఎరుపు అంత తొందరగా చెదరదు, నేరుగా వెళ్ళిపోతుంది. పగలు ఆకాశం నీలంగా ఉండేది అందుకే. సాయంత్రం వెలుగు చాలా దూరం గాలిలోంచి రావాలి కాబట్టి నీలమంతా దారిలోనే పోయి, మన దాకా ఎరుపు మిగులుతుంది. ఇక నీటిచుక్కలైతే వేరే పని చేస్తాయి. వెలుగుని వంచి రంగులుగా విడదీస్తాయి. ఒక్కో రంగు ఒక్కోలా వంగుతుంది. అందుకే వాన చినుకుల్లో హరివిల్లు. మంచులో దీపం చుట్టూ..."

పాఠం చల్లారేసరికి బియ్యం ఉడికి అన్నం అయింది. లోక్ గ్లాసు చుట్టూ తిరుగుతూ చిన్నపిల్లాడిలా ప్రశ్నలు వేశాడు. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఎంతో ఆనందంగా ఉన్నారు. మియెన్ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది.

"కాబట్టి," అంది దావ్ ముగింపుగా, "నీ మొగుడు చూసేది ప్రకృతి సహజం. ఇందులో భయపడాల్సింది లేదు."

"అయిపోయిందా వదినా?"

"అయింది."

"అయితే నాది ఒక్కటే ప్రశ్న. నీళ్ళలో పాలు కలిపావు కాబట్టి రంగులొచ్చాయి. సరే. వాకిట్లో మంచు ఉంది కాబట్టి దీపానికి చక్రం వచ్చింది. సరే. పాలీహౌసులో పొడిగాలి, నాకేం కనపడదు, ఫోనుకేం కనపడదు. మరి ఈయనకి పాలు ఎక్కడ కలిశాయి?"

దావ్ టార్చి ఆర్పేసి గ్లాసు పక్కకి జరిపింది. తమ్ముడి వైపు కాసేపు చూసింది. తర్వాత లేచి, "పద, లోపలికి," అంది.

పాలీహౌసులో చామంతి మొక్కలు మోకాలెత్తు ఉన్నాయి. వాటిమీద వరసగా బల్బులు. దావ్ తమ్ముణ్ణి ఒక బల్బుకి ఎదురుగా నిలబెట్టింది. "చక్రం ఉందా?"

"ఉంది. బ్రహ్మాండంగా ఉంది."

"బొటనవేలు చాచి, సరిగ్గా బల్బు మాత్రం కనపడకుండా అడ్డం పెట్టు. చక్రానికి అడ్డం పెట్టకు. ఇప్పుడు?"

లోక్ వేలు పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. "పోయింది. మొత్తం పోయింది. వేలు తీస్తే వస్తోంది."

దావ్ వాళ్ళని బయటికి తీసుకొచ్చింది. మంచులో వీధిదీపానికి ఎదురుగా మియెన్‌ని నిలబెట్టి అదే పని చేయమంది. మియెన్ వేలితో దీపాన్ని దాచింది. దీపం దాగింది కానీ, చుట్టూ ఉన్న పల్చటి చక్రం వేలికి రెండువైపులా అలాగే ఉంది.

"ఇది గాలిలో ఉన్న చక్రం," అంది దావ్ నెమ్మదిగా. "దీపాన్ని దాచినా ఉంటుంది. వాడిది గాలిలో లేదు. దీపం వెలుగు కంట్లో పడితేనే పుడుతోంది. వాడి కంట్లోనే ఏదో ఉంది మియెన్." ఎప్పుడూ లేనిది, అక్కడితో ఆపేసింది. చేతిసంచి తీసుకుని అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయింది.

ఇంత జరిగాక ఎవరైనా ఆస్పత్రికి పరిగెత్తుతారు. లోక్ మాత్రం ఇలా అన్నాడు, "అమావాస్య వెళ్ళనీ. మర్నాడు నెల మొదటి రోజని జనం పూజకి పూలు కొంటారు. కోత అయ్యాక వెళ్దాం."

"కన్నుకి అమావాస్య వస్తే ఏం చేస్తావు?"

"పొద్దున లేస్తే బాగానే కనపడుతోంది కదా."

"ఆ మాట నాకు చెప్పకు. విని విని నాకు చెవుల్లో నొప్పి పుడుతోంది."

కోత అయిన సాయంత్రం పూలు కట్టే షెడ్డులో దీపం సన్నగా ఉంది. లోక్ ఆ మసకలోనే కూర్చుని కట్టలు కాగితాల్లో చుడుతున్నాడు. తామ్ తన చిన్న ట్రక్కులోకి వాటిని ఎక్కిస్తున్నాడు. కాసేపటికి లోక్ చేతిలో కట్ట జారిపోయింది. కుడికన్ను మీద అరచెయ్యి పెట్టుకుని ముందుకి వంగాడు. మియెన్ వచ్చి చూసేసరికి గోడపక్కన వాంతి చేసుకుంటున్నాడు. కన్ను నిప్పులా ఉంది.

"మధ్యాహ్నం తిన్న నూడుల్స్ పడలేదు," అన్నాడు పళ్ళ బిగువున.

"గాలి సోకింది," అన్నాడు తామ్. అతను అప్పటికే జేబులోంచి ఆకుపచ్చ తైలం సీసా తీశాడు. చెంచా వెతుక్కుని, స్నేహితుడి చొక్కా వెనక్కి లాగి మెడ మీద రాచడం మొదలుపెట్టాడు. ఒంట్లో చేరిన గాలి అలా గీస్తే పోతుందని అక్కడ అందరి నమ్మకం.

"నా మొహం కనపడుతోందా?" అని అడిగింది మియెన్. "ఎడమకన్ను మూసుకుని చెప్పు."

లోక్ మూసుకున్నాడు. ఆమె మొహం కోసం చెయ్యి చాచి తడిమాడు. "పొగలా ఉంది," అన్నాడు చివరికి. అతని గొంతులో మొదటిసారి బెదురు వినపడింది.

మియెన్ తామ్ చేతిలోంచి చెంచా లాగేసుకుంది. "ట్రక్కు తియ్యి అన్నయ్యా."

"పూలు దించొద్దా?"

"పూలతోనే పద."

ఘాట్ రోడ్డు పొడుగునా లోక్ ఒళ్ళో ప్లాస్టిక్ సంచి పెట్టుకుని వాంతి చేసుకుంటూనే ఉన్నాడు. వాంతికీ వాంతికీ మధ్య, "తెల్లవి పైన పెట్టావా తామ్? పసుపువి నలిగితే కొనరు," అంటూనే ఉన్నాడు. అతని నెత్తిమీద ఒకటి వెయ్యాలనిపించింది మియెన్‌కి. వెయ్యలేదు. అతని వేళ్ళు తన వేళ్ళని నొక్కేస్తున్నాయి, ఆమె విడిపించుకోలేదు.

ఆస్పత్రిలో ముందు ఎదురైన కుర్ర డాక్టరు వాంతులన్న మాట పట్టుకుని కడుపు నొక్కబోయాడు. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు అని అడిగాడు. లోక్ నూడుల్స్ కథ మొదలుపెట్టాడు. మియెన్ అడ్డం వచ్చింది.

"కడుపు వదిలెయ్యి బాబూ. ఈయనకి కొన్నాళ్ళుగా సాయంత్రం పూట దీపాల చుట్టూ హరివిల్లు కనపడుతోంది. లోపల నీలం, బయట ఎరుపు. కనుబొమ్మ మీద నొప్పి. వేలితో దీపం దాస్తే చక్రం పోతోంది. ఇవాళ ఆ కన్ను అసలు కనపడట్లేదు."

ఇన్నాళ్ళూ ఏ మాట వింటే ఆమెకి ఒళ్ళు మండిందో ఆ మాటలన్నీ వరసగా, అతని గొంతుతో చెప్పినట్టే చెప్పేసింది. కుర్రాడు కడుపు మీంచి చెయ్యి తీసేసి లోపలికి పరిగెత్తాడు.

కళ్ళ డాక్టరమ్మ పేరు వీ. వయసు చిన్నదే కానీ చెయ్యి నిదానం. లోక్ గడ్డాన్ని యంత్రం మీద ఆనించి కంట్లో ఒత్తిడి కొలిచింది. చుక్కల మందు వేసింది, నరానికి మందు ఎక్కించింది, మాత్రలు మింగించింది, మళ్ళీ కొలిచింది. ఒత్తిడి దిగడం మొదలయ్యాక మియెన్‌ని పక్కకి కూర్చోబెట్టి చెప్పింది.

"కంట్లో నీరు ఊరుతూ ఉంటుంది పిన్నిగారూ, ఊరినంతా ఒక మూల నుంచి బయటికి పోతూ ఉంటుంది. కొందరి కళ్ళలో ఆ మూల మరీ ఇరుకు. మసక వెలుతురులో కంటిపాప పెద్దదైనప్పుడు నల్లగుడ్డు పొర వెళ్ళి ఆ మూలకి అడ్డం పడుతుంది. నీరు పోదు, ఒత్తిడి పెరుగుతుంది. కంటి ముందుండే అద్దంలాంటి పొర ఆ ఒత్తిడికి నీరు పట్టి ఉబ్బుతుంది. వెలుగు ఆ నీటిలోంచి వచ్చేటప్పుడు రంగులుగా విడిపోతుంది. నిద్రపోతే పాప చిన్నదై దారి తెరుచుకుంటుంది. అందుకే పొద్దున్నే ఏమీ ఉండేది కాదు."

"అంటే హరివిల్లు నిజమేనా?"

"నిజమే. ఆయన అబద్ధం చెప్పలేదు. ఎక్కడుందన్నది ఒక్కటే తేడా."

"కన్ను వస్తుందా?"

డాక్టరమ్మ ఒత్తిడి అంకెలు రాసిన కాగితం మరోసారి చూసింది. "చూపు చాలావరకు వస్తుంది. ఒక పక్క కొంత పోయి ఉంటుంది, అది తిరిగి రాదు. ఇంకొంచెం ఆలస్యమైతే మొత్తం పోయేది."

మర్నాడు లేజరుతో నల్లగుడ్డు పొర అంచున సూదిమొనంత రంధ్రం చేశారు. నీటికి అది కొత్త దారి. ఎడమకంటికీ అదే పని చేశారు, ఎందుకంటే అక్కడా మూల ఇరుకే. లోక్ రెండు కళ్ళతోనూ ఇంటికి వచ్చాడు. కాకపోతే కుడిపక్కనించి ఎవరైనా వస్తే ఉలిక్కిపడేవాడు. గుమ్మానికి భుజం తగిలించుకునేవాడు. అలా తగిలిన ప్రతిసారీ మియెన్ అటు తిరిగి ఏదో సర్దుతున్నట్టు నటించేది.

అంతలో ఊరంతా ఒక కథ పాకింది. చెప్పేది లోకే. "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను, ఇది మామూలు విషయం కాదని. మియెన్ వినలేదు. ఏ రంగూ లేదు పొమ్మంది." తామ్ పక్కన నిలబడి తల ఊపేవాడు. ఒకరోజు మియెన్ ఆ మాట చెవులారా విని, రెండు బిందెల నీళ్ళు చామంతి మడిలో కాకుండా దారిలో పోసి వెళ్ళిపోయింది. అతనితో వాదించే ఓపిక అప్పటికి అయిపోయింది. ఆమెకి వేరే పని ఉంది.

ఆస్పత్రి నుంచి వచ్చేసేటప్పుడు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. ఈ ఇరుకు మూల రక్తసంబంధంలో వస్తుంది, తోబుట్టువులు తప్పకుండా చూపించుకోవాలని. మియెన్ ఆ సాయంత్రమే దావ్‌కి చెప్పింది. దావ్ చూపించుకుంటానంది. తర్వాత మోకాళ్ళ నొప్పి అంది. తర్వాత వాన అంది. ఇంకోసారి, "నాకు ఏ లక్షణాలూ లేవు మియెన్, ఉంటే నాకు తెలియదా?" అంది, పాఠం చెప్పే గొంతుతో.

ఇదెక్కడి వంశం అనుకుంది మియెన్. ఒకడు ఏమీ తెలియక రాడు, ఒకావిడ అంతా తెలిసీ రాదు.

ఒకరోజు పొద్దున్నే స్కూటర్ వేసుకుని దావ్ ఇంటికి వెళ్ళింది. గేటు ముందు హారన్ కొట్టి, "రెండో హెల్మెట్ తెచ్చాను వదినా. మోకాళ్ళు నొప్పిగా ఉంటే మోసుకెళ్తాను. వానకి కోటు ఉంది. ఇంకేం చెప్తావో చెప్పు, దానికీ ఏదో ఒకటి తెచ్చుంటాను," అంది.

దావ్ గేటు తెరవలేదు. ఊచలు పట్టుకుని నిలబడింది. "లోపలికి రా. టీ తాగి వెళ్దువుగాని."

"టీ వద్దు."

"మియెన్, నా మాట విను..."

"వినను. మీ తమ్ముడి మాట విని కంటిచూపు కొంత పోగొట్టుకున్నాం. మీ ఇంట్లోవాళ్ళ మాటలు వినీ వినీ అలిసిపోయాను. నువ్వు నాకు చదువు చెప్పినదానివి కాదు కాబట్టి నీకు నేను భయపడను. నాకు భయం వేసేది ఒక్కటే, మళ్ళీ ఆ ఘాట్ రోడ్డు మీద ఒకరి చెయ్యి పట్టుకుని కూర్చోవడం."

దావ్ తల దించుకుంది. చాలా చిన్న గొంతుతో, "మీ ఇంటినించి వచ్చిన సాయంత్రం పోయిన మా ఆయన ఫొటో దగ్గర దీపంగా పెట్టిన ఎర్రబల్బు వేశాను," అంది. "ఎర్రబల్బు కాబట్టి ఒకటే రంగు చక్రం కనపడింది. వంటింట్లోకి వెళ్ళి తెల్లబల్బు వేశాను. అన్ని రంగులూ ఉన్నాయి. వేలు అడ్డం పెట్టాను."

"పోయిందా?"

"పోయింది."

మియెన్ స్కూటర్ దిగి గేటు దగ్గరికి వచ్చింది. తిట్టడానికి పేర్చుకుని తెచ్చుకున్న మాటలన్నీ వదిలేసింది.

"వాడికి తెలియదు కాబట్టి ధైర్యంగా ఉన్నాడు," అంది దావ్. "నాకు తెలుసు. డాక్టరు ఏమంటుందో కూడా తెలుసు. ఇక చదవడానికి కన్ను లేకపోతే నేను ఈ ఇంట్లో ఒంటరిగా ఏం చెయ్యను? ఆ మాట వినేదాకా బాగానే ఉన్నట్టు ఉండొచ్చని..."

"గేటు తియ్యి వదినా."

ఈసారి తీసింది. మియెన్ హెల్మెట్ ఆవిడ తలకి తొడిగి, గడ్డం కింద పట్టీ బిగించింది, చిన్నపిల్లకి బిగించినట్టు. మెట్లు దిగేటప్పుడు దావ్ చెయ్యి మంచులా ఉంది.

ఆస్పత్రి వరండాలో వాళ్ళకంటే ముందే లోక్ ఉన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు, తామ్ ట్రక్కు ఎక్కి వచ్చేశాడు. బెంచీ మీద అపరిచితుల మధ్య కూర్చుని, ఎడమచేతి పక్కన ఉన్న ముసలాయనకి హరివిల్లు గురించి చెబుతున్నాడు. అక్కని చూసి లేచి నిలబడ్డాడు. "భయపడకక్కా. కన్ను చిటుక్కుమంటుంది, అంతే. చూపు అటూ ఇటూ తిప్పకు. ముందు యంత్రం మీద గడ్డం ఆనించు. అది నేను చూపిస్తాను."

"నువ్వు నాకు చెప్తావా?" అంది దావ్. కానీ అతని పక్కనే కూర్చుంది. అతని కుడిపక్కన, చూపు లేని వైపున.

దావ్ రెండు కళ్ళలోనూ మూల ఇరుకే అని తేలింది. అయితే ఒత్తిడి ఇంకా చూపుని తినడం మొదలుపెట్టలేదు. లేజరు అయ్యాక బయటికి వచ్చి, ఎండకి కళ్ళు చికిలించి, ముందుగా గోడమీది నోటీసులో ఉన్న సన్నటి అక్షరాలు చదువుకుంది, తప్పుల్లేకుండా, పైకే.

లోక్ ఇంకా ఆ ముసలాయనతోనే ఉన్నాడు. "...అప్పుడు మా ఆవిడకి నేనే చెప్పాను, ఇక ఆలస్యం చెయ్యకూడదు, ట్రక్కు తియ్యమని."

మియెన్ వరండా చివరిదాకా నడిచి, వేడివేడి సోయాపాలు అమ్మే అమ్మాయి దగ్గర రెండు గ్లాసులు తీసుకుంది. ఒకటి దావ్‌కి ఇచ్చి, రెండోది తనే తాగుతూ మెట్ల మీద కూర్చుంది. మొగుడికి తీసుకోలేదు.